ప్రెజెంట్లీ అంటే ఇప్పుడా, కాసేపాగాకా? తరచుగా అడిగే ప్రశ్నలు

రెజ్యూమెల్లో, అఫిడవిట్లలో, ఆఫీసు లెటర్లలో మనవాళ్ళు ధారాళంగా వాడే ఇంగ్లీషు మాట 'ప్రెజెంట్లీ'. దాని మీద వచ్చే సందేహాలన్నీ ఒకచోట పెడితే బాగుంటుందని ఈ పేజీ. ఆరు వందల ఏళ్ళలో ఈ మాట 'ఇప్పుడు' దగ్గర బయల్దేరి, 'వెంటనే' మీదుగా 'కాసేపటికి' దాకా వెళ్ళింది. వెళ్ళినా పాత ఇల్లు ఖాళీ చెయ్యలేదు. గొడవంతా అక్కడే.

ఒక్క ముక్కలో చెప్పండి, ప్రెజెంట్లీ అంటే ఏమిటి?

ఈ రోజు దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి 'ప్రస్తుతం', రెండోది 'కాసేపట్లో'. మన దేశంలో దాదాపు ఎప్పుడూ మొదటిదే. బ్రిటన్‌లో, ముఖ్యంగా పెద్దవాళ్ళ మాటల్లో, రెండోదే ఎక్కువ. అమెరికాలో రెండూ నడుస్తాయి.

"ప్రెజెంట్లీ వర్కింగ్ యాజ్ అకౌంటెంట్" అని రెజ్యూమెలో రాశాను. తప్పని ఒకాయన కొట్టేశాడు. నిజంగా తప్పా?

తప్పు కాదు. కొట్టేసినాయన ఏదో పాత గ్రామర్ పుస్తకం చదువుకుని ఉంటారు. 'ప్రెజెంట్లీ అంటే కాసేపట్లో అనే అర్థం, ఇప్పుడు అనే అర్థంలో వాడకూడదు' అని నియమం పెట్టిన పుస్తకాలు 20వ శతాబ్దంలో చాలా వచ్చాయి. ఆ నియమానికి చరిత్రలో ఆధారం లేదు. 'ఇప్పుడు' అనే అర్థమే ముందు పుట్టింది, 'కాసేపట్లో' తర్వాత వచ్చింది. తర్వాత వచ్చినవాడు ముందున్నవాణ్ణి పట్టుకుని నువ్వెవరని అడిగినట్టుంది వ్యవహారం.

అయినా రెజ్యూమె ఎవరు చదువుతారన్నది కూడా చూసుకోవాలి కదా. లండన్‌లో ఉన్న మేనేజర్ మీ వాక్యం చదివి 'ఈయన కాసేపట్లో అకౌంటెంట్‌గా చేరతాడు కాబోలు' అని ఏమీ అనుకోడు. పక్కనే 'వర్కింగ్' ఉంది కాబట్టి అర్థమైపోతుంది. కాకపోతే కాస్త వింతగా, పాతగా అనిపించవచ్చు. ఆ మాట తీసేసినా మీ వాక్యానికి పోయేదేమీ లేదు. 'వర్కింగ్ యాజ్ అకౌంటెంట్ సిన్స్ 2021' అంటే చాలు, ఇప్పుడూ చేస్తున్నట్టే. రెజ్యూమెలు దిద్దేటప్పుడు నేను ఈ మాట ఎక్కడ కనిపించినా ముందు అడిగేది ఇదే: ఇది లేకపోతే ఏం తగ్గుతుంది? ఎక్కువసార్లు ఏమీ తగ్గదు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

స్కూల్లో హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనేవాళ్ళం కదా, ఆ 'ప్రెజెంట్' నుంచే. దాని మూలం లాటిన్‌లో ఉంది. 'ముందు ఉండటం, ఎదురుగా ఉండటం' అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. ఎదురుగా ఉన్న మనిషి 'ప్రెజెంట్'. ఎదురుగా ఉన్న కాలమూ 'ప్రెజెంట్', అంటే వర్తమానం. ఒకరి ముందు పెట్టి సమర్పించే కానుక కూడా 'ప్రెజెంటే'. దీనికి 'లీ' తగిలించి 14వ శతాబ్దం చివరి నాటికి 'ఈ వర్తమానంలో, ఇప్పుడు' అనే అర్థంలో వాడటం మొదలుపెట్టారు. పుట్టినప్పుడు ఉన్న అర్థం అదొక్కటే.

మరి 'ఇప్పుడు' కాస్తా 'కాసేపటికి' ఎలా అయింది?

మధ్యలో ఒక మెట్టుంది. చాలామంది దాన్ని మర్చిపోవడంతో ఈ ప్రయాణం వింతగా కనిపిస్తుంది.

'ఇప్పుడు చేస్తా' అన్నామంటే నిజానికి పని ఇంకా మొదలవలేదు. రాబోయే పని గురించి చెబుతూ 'ఇప్పుడు' అనడమంటే 'ఈ క్షణం నుంచే, ఆలస్యం లేకుండా' అని మాట ఇవ్వడమే. అలా 15వ శతాబ్దంలో ప్రెజెంట్లీకి 'వెంటనే, తక్షణం' అనే అర్థం గట్టిపడింది. తర్వాత మనుషుల సంగతి తెలిసిందే. వెంటనే అన్నవాళ్ళు వెంటనే చెయ్యరు, కొంచెం ఆలస్యమవుతుంది. వినేవాళ్ళు కూడా ఆ ఆలస్యాన్ని లెక్కలో వేసుకోవడం మొదలుపెడతారు. కొన్ని తరాలు గడిచేసరికి మాట అర్థంలోకే ఆలస్యం వచ్చి కూర్చుంటుంది. 16వ శతాబ్దం నుంచి 'కాసేపట్లో' అనే వాడకం కనబడటం మొదలై, 17వ శతాబ్దంలో సాహిత్యంలో అదే పైచేయి అయింది.

ఇదేదో ఒక్కసారిగా జరిగిన మార్పు కాదు. వంద, నూట యాభై ఏళ్ళ పాటు మూడు అర్థాలూ పక్కపక్కనే బతికాయి. ఆ కాలపు రచన చదువుతూ ఒకచోట 'వెంటనే' అని, ఇంకోచోట 'ఇప్పుడు' అని చెప్పుకోవాల్సి వస్తుంది.

'వెంటనే' అనే అర్థంలో ఎక్కడైనా కనిపిస్తుందా? ఉదాహరణ ఉందా?

ఉంది. అదీ మనలో చాలామంది ఇళ్ళల్లో ఉండే పుస్తకంలోనే. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్‌లో మత్తయి సువార్త 21వ అధ్యాయం 19వ వచనం తీయండి. ఏసు దారిపక్కన అంజూరపు చెట్టు దగ్గరికి వెళ్తాడు. ఆకులు తప్ప కాయలు ఉండవు. ఇక ఎన్నటికీ కాయవద్దంటాడు. అక్కడ ఇంగ్లీషు వాక్యం: 'అండ్ ప్రెజెంట్లీ ద ఫిగ్ ట్రీ వితర్డ్ అవే'. ఈనాటి ఇంగ్లీషు చెవితో వింటే 'కాసేపటికి చెట్టు ఎండిపోయింది' అన్నట్టుంటుంది. అద్భుతం చప్పబడిపోతుంది. కానీ గ్రీకు మూలంలో ఉన్నది 'తక్షణమే' అనే మాట. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. మన అనువాదంలో 'తక్షణమే ఆ అంజూరపు చెట్టు ఎండిపోయెను' అని స్పష్టంగా ఉంటుంది. ఇంగ్లీషు మాట జారిపోయినా తెలుగు మాట జారలేదు.

అక్కడే ఇంకో తమాషా ఉంది. తర్వాతి వచనంలోనే శిష్యులు ఆశ్చర్యపడి 'హౌ సూన్ ఈజ్ ద ఫిగ్ ట్రీ వితర్డ్ అవే' అంటారు. ఈ 'సూన్' కూడా పాత అర్థంలోనిదే. 'కాసేపట్లో' కాదు, 'ఎంత త్వరగా' అని. గ్రీకులో రెండు వచనాల్లోనూ ఉన్నది ఒకే మాట. ఆ బైబిల్‌ని సవరించి 1881లో కొత్త నిబంధన వెలువరించినప్పుడు పండితులు రెండుచోట్లా 'ఇమ్మీడియట్లీ' అని మార్చేశారు. అంటే 270 ఏళ్ళలో పాత మాటలు జనాన్ని తప్పుదారి పట్టించే స్థితికి వచ్చాయన్నమాట.

ఇంకో ఉదాహరణ కూడా అదే 1611 నాటిది. షేక్‌స్పియర్ 'ది టెంపెస్ట్' నాటకం ఆ ఏడాది నవంబరు 1న రాజుగారి ముందు ఆడారు. నాలుగో అంకంలో మాంత్రికుడు ప్రోస్పెరో తన సేవకుడైన ఏరియల్ అనే గాలి భూతాన్ని పిలిచి, పరివారాన్ని తీసుకురా, ఈ జంటకి చిన్న ఇంద్రజాలం చూపించాలి అంటాడు. ఏరియల్ ఒకే ఒక్క మాట అడుగుతాడు: 'ప్రెజెంట్లీ?' దానికి ప్రోస్పెరో జవాబు 'ఐ, విత్ ఎ ట్వింక్'. ఔను, కనురెప్ప పాటులో అని. ఇక్కడ ప్రెజెంట్లీని 'కాసేపట్లోనా?' అని అర్థం చేసుకుంటే సంభాషణ అతకదు. 'ఇప్పటికిప్పుడేనా?' అంటేనే పక్కన కనురెప్ప పాటు కుదురుతుంది. ఏరియల్ తిరిగి ఏమంటాడో చూడండి. మీరు 'రా, పో' అనేలోపు, రెండుసార్లు ఊపిరి తీసేలోపు వచ్చేస్తామంటాడు. ఆ రోజుల్లో ఈ మాటకి ఎంత వేగం ఉండేదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

'కాసేపటికి' అర్థానికి కూడా ఒక మంచి ఉదాహరణ చెప్పండి.

1865లో వచ్చిన ఆలిస్ కథ మనలో చాలామంది చిన్నప్పుడు చదివిందే. ఆలిస్ కుందేలు బొరియలోంచి కిందికి పడుతూ ఉంటుంది. పడుతూనే తనలో తను మాట్లాడుకుంటుంది, ఆపుతుంది, 'ప్రెజెంట్లీ షి బిగాన్ అగైన్'. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టింది. కథ చెప్పేవాళ్ళకి ఈ వాడకం బాగా కలిసొచ్చింది. రెండు సంఘటనల మధ్య చిన్న ఖాళీ పెట్టడానికి సరిగ్గా సరిపోతుంది. 19వ శతాబ్దపు నవలల్లో పేజీకొకటి దొరుకుతుందంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఇలా జారిపోయింది ఒక్క ప్రెజెంట్లీయేనా?

కాదు, ఇంగ్లీషులో 'వెంటనే' అని చెప్పే మాటలు వరుసపెట్టి ఇదే దారి పట్టాయి. అసలు ఈ సబ్జెక్టులో రుచి అంతా ఇక్కడే ఉంది.

'సూన్' సంగతి ముందు చూద్దాం. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో దాని రూపం 'సోనా', అర్థం 'తక్షణం'. 'బేవుల్ఫ్' కావ్యంలో గ్రెండెల్ అనే రాక్షసుడు చీకట్లో వచ్చి బేవుల్ఫ్ మీద చెయ్యి వేస్తాడు. బేవుల్ఫ్ ఆ చెయ్యి పట్టేసుకుంటాడు. ఇంత బలమైన పట్టు భూమ్మీద ఇంకొకరి దగ్గర చూడలేదని గ్రెండెల్‌కి 'సోనా' తెలిసిపోయిందంటాడు కవి. చెయ్యి నలిగిపోతున్నవాడికి కాసేపాగాక తెలియడమేమిటి, అప్పటికప్పుడే తెలిసింది. ఇప్పుడు 'సూన్' అంటే మనకి తెలుసు కదా. సినిమా పోస్టర్ మీద 'కమింగ్ సూన్' అని పడి రెండేళ్ళయినా ఎవరూ ఆశ్చర్యపోరు.

'అనాన్' అని ఇంకోటుంది. దాన్ని విడదీస్తే 'ఒక్కదానిలోకి' అని వస్తుంది. ఒక్క ఊపులో, ఒక్క ఉదుటున అన్నట్టు. ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో, అంటే 14వ శతాబ్దంలో, 'వెంటనే' అనే అర్థంలోనే నడిచింది. తర్వాత 'కాసేపట్లో' అయింది. ఆ తర్వాత వాడకమే పోయింది, సరదాకి తప్ప ఇప్పుడు ఎవరూ అనరు.

'బై అండ్ బై' కథ ఇంకా దూరం వెళ్ళింది. మార్కు సువార్త 6వ అధ్యాయంలో హేరోదియ కూతురు రాజు దగ్గరికి వచ్చి బాప్తిస్మమిచ్చే యోహాను తల పళ్ళెంలో పెట్టి ఇప్పించమంటుంది. కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఆమె ఆ తలని 'బై అండ్ బై' అడుగుతుంది. నేటి పాఠకుడికి 'తీరిక చూసుకుని ఇవ్వండి, తొందరేం లేదు' అన్నట్టు వినబడుతుంది. తెలుగులో 'ఇప్పుడే' అని ఉంటుంది. అంత ఘోరమైన కోరికకి ఆ తొందరే సరైనది. ఇదే 'బై అండ్ బై' 19వ శతాబ్దపు అమెరికన్ క్రైస్తవ కీర్తనల్లోకి వచ్చేసరికి 'ఎప్పటికో ఒకనాటికి, పరలోకంలో' అనే అర్థం తెచ్చుకుంది.

'డైరెక్ట్లీ' కూడా అంతే. నేరుగా, అంటే మధ్యలో ఎక్కడా ఆగకుండా, అంటే వెంటనే. కానీ ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో అది 'డ్రెక్లీ' అయింది, అర్థం 'ఎప్పుడో వీలున్నప్పుడు'. అక్కడివాళ్ళు దీన్ని చెప్పుకుని నవ్వుకుంటారు, టీ కప్పుల మీద కూడా అచ్చు వేసుకుంటారు. అమెరికా దక్షిణాది యాసలో కూడా 'కాసేపట్లో' అనే వాడకం ఉంది.

ఇన్ని మాటలూ ఒకే దిక్కుకి ఎందుకు జారాయి? ఎవరూ 'కాసేపట్లో' నుంచి 'వెంటనే' వైపు ఎందుకు వెళ్ళలేదు?

ఎందుకంటే ఈ మాటలు చెప్పేది ఎక్కువగా పని తప్పించుకోవాలనుకునేవాళ్ళో, ఒకేసారి పది పనులు మీద పడినవాళ్ళో.

షేక్‌స్పియరే దీన్ని ఒక హాస్య సన్నివేశంగా రాసిపెట్టాడు. 'నాలుగో హెన్రీ' మొదటి భాగం, రెండో అంకం. ఈస్ట్‌చీప్‌లో ఒక సారాయి కొట్టు. ఫ్రాన్సిస్ అనే కుర్ర సర్వరు. యువరాజు హాల్ వాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఏదో ప్రశ్నలు వేస్తుంటాడు. పక్క గదిలోంచి యువరాజు స్నేహితుడు పాయిన్స్ 'ఫ్రాన్సిస్!' అని కేకలు పెడుతూ ఉంటాడు. కేక పడినప్పుడల్లా కుర్రాడు 'అనాన్, అనాన్, సర్!' అని అరుస్తాడు. వచ్చేస్తున్నా సార్, వచ్చేస్తున్నా. కానీ వాడు కదిలేది లేదు, యువరాజు వదిలితే కదా. చివరికి రెండు వైపుల నుంచీ పిలుపులు వచ్చేసరికి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోతాడు. 'వెంటనే' అనే అర్థం ఉన్న మాట ఎలా అరుగుతుందో ఈ ఒక్క సీన్‌లో కనబడుతుంది. మన టిఫిన్ సెంటర్లో 'ఇదిగో తెస్తున్నా సార్' అని మూడు టేబుళ్ళకి ఒకేసారి చెప్పే కుర్రాడి పరిస్థితి కూడా అంతే. వాడి తప్పేం లేదు.

వెనక్కి జరగకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. చెప్పినదానికంటే ఆలస్యంగా రావడం రోజూ జరుగుతుంది. చెప్పినదానికంటే ముందే రావడం ఎప్పుడో గానీ జరగదు. మాట అనుభవాన్ని బట్టి మారుతుంది, అనుభవం ఎప్పుడూ ఆలస్యం వైపే ఉంటుంది. 'వెంటనే' అనే మాట అరిగిపోయాక ఆ అవసరం మాత్రం పోదు కాబట్టి కొత్త మాట తెచ్చుకుంటారు. 'ఎట్ వన్స్', 'ఇమ్మీడియట్లీ', 'ఇన్‌స్టంట్లీ', 'రైట్ నౌ' అన్నీ అలా వచ్చినవే. 'ఎట్ వన్స్'లో ఉన్నది కూడా 'ఒకటి' అనే భావమే, చచ్చిపోయిన 'అనాన్'లో ఉన్నట్టే. అదే సరుకు మళ్ళీ కొత్తగా తయారు చేసుకున్నారు.

మధ్యలో 'ఇప్పుడు' అనే అర్థం పూర్తిగా చచ్చిపోయి మళ్ళీ బతికిందా?

అలా చెప్పే పుస్తకాలున్నాయి గానీ, నిజం కాదు. 17వ శతాబ్దం తర్వాత సాహిత్యంలో అరుదైపోయిన మాట వాస్తవం. అయితే సాహిత్యమే భాష కాదు కదా. ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, మామూలు మాటల్లో అది కొనసాగుతూనే వచ్చింది. స్కాట్లండ్‌లో ఎన్నడూ పోలేదు. అమెరికాలో కూడా నిలిచింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ప్రెజెంట్లీకి మొదటి అర్థంగా ఇచ్చింది 'ప్రస్తుతం, ఇప్పుడు' అనే. రెండో అర్థం కింద 'వెంటనే, కాసేపటికి' రెండూ కలిపి పెట్టాడు. ఆ కలిపి పెట్టడం నాకు నచ్చుతుంది. మాట సరిగ్గా జారుతున్న సమయంలో తీసిన ఫొటోలా ఉంటుంది.

మన దేశంలో 'ఇప్పుడు' అర్థమే ఎందుకు స్థిరపడింది?

మనం ఇంగ్లీషుని ఎక్కువగా కాగితం మీద నేర్చుకున్నాం. ఆఫీసు నోట్లు, పిటిషన్లు, దస్తావేజులు. 'ప్రెజెంట్లీ రిసైడింగ్ ఎట్' అని మొదలయ్యే అఫిడవిట్ కాగితం చూడనివాళ్ళు మన ఊళ్ళల్లో తక్కువ. ఆ కాగితాల్లో కథ చెప్పే అవసరం లేదు, 'ఇప్పుడు ఫలానా చోట ఉన్నాడు, ఫలానా పని చేస్తున్నాడు' అని నమోదు చెయ్యడమే పని. పైగా 'ప్రెజెంట్' అంటే వర్తమానం అని తెలిసినవాడికి 'ప్రెజెంట్లీ' అంటే 'వర్తమానంలో' అనిపించడం సహజం. పాత ఇంగ్లీషువాళ్ళు మొదట్లో అనుకున్నదీ అదే కదా.

వాక్యంలో ఏ అర్థమో ఎలా పట్టుకోవాలి?

క్రియని చూడండి. 'యామ్, ఈజ్, ఆర్' పక్కన ఉంటే ఎక్కువగా 'ఇప్పుడు'. 'ఈజ్ ప్రెజెంట్లీ ఇన్ ఢిల్లీ' అంటే ప్రస్తుతం ఢిల్లీలో ఉన్నాడని. 'విల్' పక్కన ఉంటే 'కాసేపట్లో'. 'ద డాక్టర్ విల్ సీ యూ ప్రెజెంట్లీ' అంటే కూర్చోండి, కాసేపట్లో పిలుస్తారని. జరిగిపోయిన కథలో, అందులోనూ వాక్యం మొదట్లో వస్తే 'కాసేపటికి'. 1700కి ముందు రాసినదైతే మాత్రం 'వెంటనే' అనే అవకాశం మనసులో పెట్టుకోవాలి.

నిజంగా చిక్కు వచ్చేది 'ఈజ్ ప్రెజెంట్లీ లీవింగ్' లాంటి చోట. ఇప్పుడు బయల్దేరుతున్నాడా, కాసేపట్లో బయల్దేరతాడా? చెప్పలేం. మెయిల్‌లో అలా రాయకపోవడమే మేలు.

బదులుగా ఏం వాడాలి?

'ఇప్పుడు' అని చెప్పాలంటే 'నౌ', 'కరెంట్లీ', 'ఎట్ ప్రెజెంట్'. వీటితో ఎవరికీ అనుమానం రాదు. 'కాసేపట్లో' అనాలంటే 'షార్ట్లీ', 'ఇన్ ఎ వైల్'. అంతకన్నా మంచిది టైమ్ చెప్పేయడం. 'బై ఫోర్ ఓ క్లాక్' అంటే ఏ దేశంలోనైనా నాలుగు గంటలే.

అమెరికా విమానంలో 'వి విల్ బి ల్యాండింగ్ మొమెంటరిలీ' అన్నారు. అదేమిటి?

టెన్షన్ పడకండి, దిగగానే మళ్ళీ ఎగిరిపోరు. 'మొమెంటరిలీ' అసలు అర్థం 'క్షణం సేపు'. అమెరికన్లు 20వ శతాబ్దంలో 'క్షణంలో, ఇంకాసేపట్లో' అనే అర్థంలో వాడటం మొదలుపెట్టారు. బ్రిటిష్‌వాళ్ళు దీని మీద జోకులు వేస్తారు, క్షణం సేపే దిగితే మేమెలా దిగేది అని. మన పిల్లలు ఇప్పుడు రెండు రకాలుగానూ వింటున్నారు.

దక్షిణాఫ్రికా వెళ్తే ఇంకో చిక్కు. అక్కడ 'జస్ట్ నౌ' అంటే 'తర్వాత ఎప్పుడో'. మనకేమో 'ఐ జస్ట్ నౌ కేమ్' అంటే ఇప్పుడే వచ్చానని. డర్బన్ చుట్టుపక్కల తరాలుగా ఉంటున్న తెలుగు మూలాలవాళ్ళ దగ్గరికి ఇక్కడి నుంచి చుట్టాలెళ్తే, 'జస్ట్ నౌ వస్తా' అన్న మాట నమ్మి గుమ్మంలో నిలబడకుండా ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

తెలుగులో కూడా ఇలాంటి మార్పులు ఉన్నాయా?

ఎందుకు లేవు. 'ప్రస్తుతం' మాటే తీసుకోండి. సంస్కృతంలో 'ప్రస్తుత' అంటే మొదలుపెట్టినది, మాట్లాడుకుంటున్న విషయం అని. కాలంతో సంబంధం లేదు. చేతిలో ఉన్న విషయం కాస్తా చేతిలో ఉన్న కాలం అయింది, 'ప్రస్తుతం' అంటే 'ఇప్పుడు' అని స్థిరపడిపోయాం. కానీ పాత అర్థం ఒక మూల భద్రంగా ఉంది. సభలో ఎవరైనా విషయం వదిలేసి ఇంకేదో మాట్లాడితే 'అది ఇక్కడ అప్రస్తుతం' అంటాం. 'ఇప్పటిది కాదు' అని కాదు మన ఉద్దేశం, 'సందర్భంలో లేనిది' అని. ఎదురుగా ఉన్నదాన్ని సూచించే మాట 'ఇప్పుడు'గా మారడం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక ఆలస్యం విషయంలో మనం ఎవరికీ తీసిపోం. 'దార్లో ఉన్నా' అని ఫోన్లో చెప్పేవాడు స్నానానికి వెళ్తూ ఉండవచ్చు. 'రెండు నిమిషాలు' అంటే రెండు నిమిషాలని ఏ తెలుగువాడూ అనుకోడు.

పద్యం కింద 'అనాన్' అని ఉంటుంది. అది ఈ 'అనాన్' యేనా?

కాదు. అది 'అనానిమస్' అనే మాటకి పొట్టి రూపం, రాసినవారి పేరు తెలియదని. ఇంగ్లీషు రీడర్లలో చూసి అనాన్ అనే కవి ఎవరో చాలా రాశాడనుకునే పిల్లలు ప్రతి తరంలోనూ ఉంటారు.

షేక్‌స్పియర్ చదివేటప్పుడు ఇంకే మాటల దగ్గర జాగ్రత్తపడాలి?

'స్టిల్' దగ్గర తప్పకుండా. ఇప్పుడు దాని అర్థం 'ఇంకా'. ఆయన కాలంలో చాలాచోట్ల 'ఎప్పుడూ, అస్తమానం'. 'ది టెంపెస్ట్'లోనే ఏరియల్ బెర్ముడా దీవుల్ని 'స్టిల్ వెక్స్‌డ్' అంటాడు. అక్కడ అస్తమానం తుఫానులే అని. అంతకుముందు అసలు అర్థం 'కదలకుండా, నిశ్శబ్దంగా'. కదలకుండా ఉన్నది అలాగే ఉంటుంది, అలాగే ఉన్నది ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ ఉన్నది ఇంకా ఉంటుంది. దీని మీద ఇంకో పేజీ రాయవచ్చు.

పోటీ పరీక్షలో ప్రెజెంట్లీకి అర్థం అడిగితే ఏది పెట్టాలి?

ఆప్షన్లలో 'సూన్', 'నౌ' రెండూ ఇచ్చి వాక్యం ఇవ్వకపోతే ప్రశ్న రాసినవాళ్ళదే పొరపాటు. వాక్యం ఇస్తే పైన చెప్పినట్టు క్రియని చూసి పెట్టండి. ఒంటిగా మాట ఒక్కటే ఇచ్చి, 'సూన్' మాత్రమే ఉంటే అదే పెట్టేయండి. పాత గ్రామర్ పుస్తకాలు చూసి పేపర్లు తయారుచేసేవాళ్ళు ఎక్కువగా ఆశించేది అదే.

'ఏఎస్‌ఏపీ' కూడా ఒకరోజు ఇలాగే అరిగిపోతుందా?

అరగడం మొదలైనట్టే ఉంది. 'వీలైనంత త్వరగా' అని దాని అర్థం. 'వీలైనంత' అనే సందు మొదటి నుంచీ అందులోనే ఉంది కాబట్టి దీనికి ప్రెజెంట్లీ పట్టినంత కాలం పట్టదేమో. ఆఫీసు మెయిళ్ళలో ఆ నాలుగక్షరాల పక్కన 'అర్జెంట్' అని, దాని పక్కన 'టుడే ఇట్‌సెల్ఫ్' అని కూడా చేర్చాల్సి వస్తోందంటే ఒక్క ఏఎస్‌ఏపీతో పని జరగడం లేదనే కదా.